కిందికి దూరే నేల, పక్కకు జారే నేల

నార్త్ కరోలైనాలోని క్యారీ నుంచి మాట్లాడుతున్నాను.

బంగాళాఖాతానికి దక్షిణాన, సుమత్రా దీవి పక్కన, ఎనిమిదేళ్ళు తిరక్కుండానే రెండు మహా భూకంపాలు వచ్చాయి. మొదటిది 2004 డిసెంబరు 26న. ఇండియాలో అప్పుడు ఉదయం ఆరున్నర. మన క్యారీలో ఇంకా 25వ తేదీ రాత్రే, ఎనిమిది కావస్తోంది. క్రిస్మస్ సెలవు, అందరూ ఇళ్ళలో ఉన్న వేళ. రెండోది 2012 ఏప్రిల్ 11న. ఇండియాలో మధ్యాహ్నం రెండు దాటింది, ఇక్కడ తెల్లవారుజాము నాలుగున్నర దాటింది. మొదటిదాని తీవ్రత 9.1, రెండోదానిది 8.6.

మొదటి భూకంపం లేపిన సునామీ హిందూ మహాసముద్రం చుట్టూ ఉన్న దేశాల్లో రెండు లక్షల ఇరవై వేలమందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ రోజు మార్గశిర పౌర్ణమి. మచిలీపట్నం దగ్గర మంగినపూడిలో సముద్రస్నానానికి దిగినవాళ్ళ మీదికి అల వచ్చిపడింది. సుమత్రా దగ్గర నేల కదిలాక ఆ నీరు మన తీరానికి చేరడానికి సుమారు రెండున్నర గంటలు పట్టింది. చెప్పేవాళ్ళుంటే తప్పించుకోవడానికి రెండున్నర గంటలు చాలా ఎక్కువ సమయం. చెప్పేవాళ్ళు లేరు. ఆంధ్ర తీరంలో వందమందికి పైగా పోయారు. తమిళనాడులో, అండమాన్ నికోబార్ దీవుల్లో వేలల్లో పోయారు. పోర్ట్‌బ్లెయిర్‌లో మన తెలుగువాళ్ళు, ముఖ్యంగా ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళి స్థిరపడ్డవాళ్ళు వేలల్లో ఉన్నారని చాలామందికి తెలీదు. ఆ భూకంపం చీల్చుకుంటూ పోయింది సరిగ్గా ఆ దీవుల కిందుగానే.

మరి 2012లో? చెన్నై, విశాఖపట్నం, కోల్‌కతాల్లో కుర్చీలూ మంచాలూ ఊగాయి. జనం మెట్లు దిగి వీధుల్లోకి వచ్చేశారు. అప్పటికి హైదరాబాద్ ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ సంస్థలో సునామీ హెచ్చరిక కేంద్రం పనిచేస్తోంది. 2004 దెబ్బ తర్వాత, 2007లో మొదలుపెట్టిన కేంద్రం అది. నిమిషాల్లో హెచ్చరిక వెళ్ళింది. తీరాల్లో జనం బిక్కుబిక్కుమంటూ కాచుకున్నారు. పెద్ద అల రాలేదు. సుమత్రా తీరంలో మీటరుకు అటూ ఇటూ లేచిందంతే. ఆ రోజు పోయినవాళ్ళు పదిమంది దాకా ఉంటారు, వాళ్ళలో ఎక్కువమంది గుండె ఆగి పోయినవాళ్ళే.

రెండింటికీ అంకెలో తేడా అర. తీవ్రత కొలమానం మీద ఒక్క అంకె పెరిగితే శక్తి 32 రెట్లు పెరుగుతుంది, అర అంకెకు ఐదారు రెట్లు. అంటే 2004 భూకంపం బలమైనదే. కానీ ఒకటి లక్షల ప్రాణాలు తీసి, రెండోది అలా భయపెట్టి పోవడానికి ఐదారు రెట్ల తేడా చాలదు. 2012 భూకంపం సుమత్రా తీరానికి కొంచెం దూరంగా వచ్చిన మాట నిజం. మన ఆంధ్ర తీరానికి మాత్రం రెండింటి కేంద్రాలూ దాదాపు ఒకే దూరం. అసలు కారణం నేల ఎటు కదిలిందన్నదే. ఆ కదలికను అర్థం చేసుకుంటే భూకంపం వార్త వినే తీరే మారిపోతుంది.

భూమి పైపెంకు రాతి ఫలకాలుగా విడివడి ఉంది. వాటిలో మన భారత ఫలకం ఈశాన్యంగా జరుగుతూ వెళ్ళి అండమాన్, సుమత్రాల దగ్గర పక్క ఫలకం కిందికి దూరుతోంది. ఒక్కసారిగా నిట్టనిలువునా మునగదు, బాగా ఏటవాలుగా దిగుతుంది. రెండు ఫలకాలూ రాసుకునే ఆ ముఖం వందల ఏళ్ళపాటు పట్టేసి ఉంటుంది. కింది ఫలకం దిగుతూ పై ఫలకం అంచును కూడా తనతోపాటు కిందికి లాగుతూ ఉంటుంది. ఎప్పుడో ఒకనాడు ఆ పట్టు తప్పుతుంది. అణిగి ఉన్న అంచు ఒక్క ఊపున పైకి లేస్తుంది. 2004లో జరిగింది ఇదే.

పక్కకు జారే భ్రంశం కథ వేరు. అక్కడ పగులు దాదాపు నిలువుగా ఉంటుంది. అటు నేల ఒక దిక్కుకు, ఇటు నేల ఎదురు దిక్కుకు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ జారతాయి. పైకి లేవడం, కిందికి దిగడం చాలా తక్కువ. కాలిఫోర్నియాలో సాన్ ఆండ్రియాస్, టర్కీలో అనటోలియా భ్రంశాలు, బర్మాలో సగాయింగ్ భ్రంశం అన్నీ ఈ జాతివే.

ఇక వీటిలో బలం దేనిది? పత్రికలు ఇప్పటికీ రిక్టర్ స్కేలు అనే రాస్తాయి గానీ, పెద్ద భూకంపాలను ఆ 1935 నాటి కొలతతో కొలవడం శాస్త్రజ్ఞులు మానేసి చాలా ఏళ్ళయింది. 1966లో కీటి ఆకీ అనే జపాన్ శాస్త్రజ్ఞుడు చూపించిన దారిలో, 1979లో థామస్ హాంక్స్, హిరూ కనమోరి ఇప్పటి కొలతను స్థిరపరిచారు. అందులో లెక్కకొచ్చేవి మూడే: ఎంత వైశాల్యం జారింది, ఎంత దూరం జారింది, ఆ రాయి ఎంత గట్టిది. రాయి గట్టిదనంలో తేడా స్వల్పం. జారిన దూరమూ మీటర్లలోనే ఉంటుంది. అసలు తేడా ఎక్కువగా వైశాల్యంలోనే.

రాయి విరగాలంటే చల్లగా, పెళుసుగా ఉండాలి. ఖండాల కింద పన్నెండు, పదిహేను కిలోమీటర్ల లోతు దాటితే వేడికి రాయి మెత్తబడిపోతుంది, విరగదు, సాగుతుంది. నిలువు భ్రంశానికి అక్కడితో సరి. ఎంత పొడవున్నా వెడల్పు మాత్రం ఆ పదిహేను కిలోమీటర్లే. కిందికి దూరే ఫలకం చల్లటి సముద్రపు అడుగు నుంచి వస్తుంది కనుక మరింత లోతు దాకా పెళుసుగానే ఉంటుంది. పైగా ఏటవాలు. బజ్జీలకు అరటికాయను ఏటవాలుగా కోస్తే ముక్క ఎంత పొడుగ్గా వస్తుందో వంటింట్లో అందరికీ తెలుసు. అదే లెక్క ఇక్కడ. నిలువుగా పదిహేను కిలోమీటర్లుండే చోట, ఏటవాలుగా నూటయాభై, రెండువందల కిలోమీటర్లు వస్తుంది.

ఇప్పుడు రెండు జాతుల్లోంచి చెరో భూకంపాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. 1906 ఏప్రిల్ 18న శాన్‌ఫ్రాన్సిస్కోను కూల్చిన భూకంపంలో సాన్ ఆండ్రియాస్ భ్రంశం సుమారు 470 కిలోమీటర్ల పొడవున చీలింది. పదిహేను కిలోమీటర్ల లోతు వేసుకుంటే ఏడువేల చదరపు కిలోమీటర్లు. మన పాత కృష్ణా జిల్లా కన్నా తక్కువ. 2004లో చీలిన పొడవు 1300 కిలోమీటర్లు, వెడల్పు నూటయాభై అనుకున్నా దాదాపు రెండు లక్షల చదరపు కిలోమీటర్లు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం మొత్తం కన్నా ఎక్కువ! ఒక రాష్ట్రాన్ని మించిన రాతిముఖం పది నిమిషాల లోపు మీటర్ల కొద్దీ జారింది. శాన్‌ఫ్రాన్సిస్కోది 7.9 అనుకుంటే శక్తిలో 2004 భూకంపం అరవై రెట్లు పైమాట.

అందుకే తొమ్మిది దాటిన భూకంపాలన్నీ ఫలకం కిందికి దూరే చోట్లలోనే వచ్చాయి. 1960 మే 22న చిలీలో 9.5, ఇంతవరకు యంత్రాలు నమోదు చేసినవాటిలో అదే పెద్దది. 1964లో అలాస్కాలో 9.2. 2011 మార్చి 11న జపాన్‌లో 9.1. సాన్ ఆండ్రియాస్ భ్రంశం పన్నెండువందల కిలోమీటర్ల పొడుగునా ఒకేసారి చీలినా 8.2, 8.3 దాటడం కష్టం. కాలిఫోర్నియా మొత్తం సముద్రంలో కలిసిపోతుందని సినిమాల్లోనూ వాట్సాప్ వీడియోల్లోనూ చూపించేది జరిగే పని కాదు. అక్కడ నేల పక్కకే జారుతుంది.

మరి 2012లో పక్కకు జారే భూకంపం 8.6 ఎలా అయింది? ఆ జాతిలో ఇంతవరకు నమోదైనవాటిలో అదే అతి పెద్దది. అది వచ్చింది ఖండం మీద కాదు, నడి సముద్రంలో, రెండు ఫలకాల అంచున కూడా కాదు, ఒకే ఫలకం లోపల. అక్కడి సముద్రపు అడుగు పాతది, చల్లనిది, నలభై యాభై కిలోమీటర్ల లోతు దాకా పెళుసుగా ఉంది. ఒకదానికొకటి అడ్డంగా ఉన్న కనీసం నాలుగు భ్రంశాలు వరసగా చీలాయి. కొన్నిచోట్ల ఇరవై మీటర్లకు పైగా జారాయి. రెండు గంటల తర్వాత 8.2 తీవ్రతతో మరొకటి వచ్చింది. ఒకే ఫలకంగా ఉన్న భారత, ఆస్ట్రేలియా భాగాలు నెమ్మదిగా విడిపోతున్నాయనడానికి శాస్త్రజ్ఞులు ఆ రోజును సాక్ష్యంగా చూపిస్తారు. అంత జరిగినా నేల పక్కకు జారింది కనుక, దానిమీదున్న నీరు పెద్దగా కదలలేదు. 2004లో అలా కాదు, అడుగు లేచింది, దానిమీదున్న సముద్రమంతా లేచింది. గ్రేట్ నికోబార్ కొసన, మన దేశపు దక్షిణపు చివర ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా కుంగి, లైట్‌హౌస్ మొదలు నీళ్ళలోకి పోయింది. ఉత్తర అండమాన్ పడమటి తీరంలో పగడపు దిబ్బలు నీటిపైకి తేలి ఎండకు చచ్చిపోయాయి. ఒక కొస కుంగింది, ఒక కొస లేచింది.

2012లో అల రానందుకు, అనవసరంగా భయపెట్టారని కొందరు విసుక్కున్నారు. నా మటుకు నాకు ఆ రోజు హెచ్చరిక ఇవ్వడమే సరైన పని. 8.6 అని తెలిసిన మొదటి నిమిషాల్లో అది లేచిందో జారిందో తేల్చడానికి సమయం చాలదు. పైగా పక్కకు జారితే అల రానే రాదని గ్యారంటీ లేదు. 2018 సెప్టెంబరు 28న ఇండోనేషియాలోని పాలూ పట్టణం దగ్గర పక్కకు జారే భూకంపమే వచ్చింది, తీవ్రత 7.5. ఇరుకైన అఖాతంలో గట్లు విరిగిపడి, నిమిషాల్లోనే సునామీ లేచింది. నేల బురదై ఇళ్ళకు ఇళ్ళు కొట్టుకుపోయాయి. నాలుగువేల మందికి పైగా పోయారు.

ఇంతవరకు బలం సంగతి. బలమూ ప్రమాదమూ ఒకటి కావు, నాకు ఈ రోజు ముఖ్యంగా చెప్పాలని ఉన్నది ఇది.

2010 ఫిబ్రవరి 27న చిలీలో 8.8 భూకంపం వచ్చింది, కిందికి దూరే జాతిది. పోయినవాళ్ళు ఐదువందల పైచిలుకు. 2023 ఫిబ్రవరి 6న టర్కీలో 7.8 వచ్చింది, పక్కకు జారే జాతిది. అంకెలో ఒకటి తక్కువ, అంటే శక్తి ముప్పై రెండో వంతు. ఒక్క టర్కీలోనే యాభైవేల మందికి పైగా పోయారు, సిరియాలో వేలమంది. కిందికి దూరే చోట చీలే ముఖం ఎక్కువగా సముద్రం కింద, ఊళ్ళకు దూరంగా ఉంటుంది. పక్కకు జారే భ్రంశం చాలాచోట్ల ఊళ్ళ గుండానే పోతుంది, లోతూ తక్కువ. చిలీలో 1960 తర్వాత కట్టుబడి నియమాలను కచ్చితంగా పాటించారు. టర్కీలో నియమాలు కాగితం మీద ఉన్నాయి, చాలా భవనాల్లో చాలినంత ఇనుము లేదు.

బర్మాలోని సగాయింగ్ భ్రంశం మన తెలుగువాళ్ళ చరిత్రను కూడా తాకింది. 1930 మే 5 రాత్రి పెగూ పట్టణాన్ని ఆ భ్రంశమే నేలమట్టం చేసింది. రంగూన్‌లోనూ ఇళ్ళు కూలాయి. అప్పట్లో రంగూన్ రేవులో బరువులు మోసేవాళ్ళలో ఎక్కువమంది మన తీరం నుంచి వెళ్ళిన తెలుగువాళ్ళే, బర్మావాళ్ళు కోరంగీలని పిలిచేవారు. ఆ నెలాఖరునే రేవు పనుల మీద రేగిన అల్లర్లలో ఆ కోరంగీలు ఊచకోతకు గురయ్యారు. భూకంపంలో బతికి బయటపడ్డవాళ్ళకు సుమారు మూడు వారాలకే ఆ కష్టం. అదే భ్రంశం 2025 మార్చి 28న మళ్ళీ చీలింది. తీవ్రత 7.7, చీలిన పొడవు నాలుగువందల కిలోమీటర్ల పైన. మాండలే పట్టణం ఆ గీత పక్కనే ఉంది. మూడువేల మందికి పైగా పోయారు. వెయ్యి కిలోమీటర్ల దూరంలోని బ్యాంకాక్‌లో, మెత్తటి నేల మీద కడుతున్న భవనం ఒకటి కుప్పకూలింది.

ఇక మన సంగతికి వస్తే, క్యారీలో ఉన్న మనకు తోబుట్టువులో, చిన్ననాటి స్నేహితులో పడమటి తీరాన లేని ఇల్లు అరుదు. ఒకరు కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటారు, మరొకరు సియాటిల్ పక్కన రెడ్మండ్‌లోనో బాతెల్‌లోనో ఉంటారు. ఇద్దరిదీ భూకంపాల ప్రాంతమే. ఇద్దరి ముప్పూ ఒకటి కాదు.

ఫ్రీమాంట్ ఊళ్ళోంచి హేవర్డ్ భ్రంశం పోతుంది. పక్కకు జారే జాతి. అది కొంత మెల్లమెల్లగా, ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున, ఎప్పుడూ జారుతూనే ఉంటుంది. హేవర్డ్ పట్టణంలో రోజ్ వీధి, ప్రాస్పెక్ట్ వీధి కలిసే మూలన పేవ్‌మెంట్ అంచున సిమెంటు గట్టు ఒకటి ఉండేది. తిన్నగా వేసిన ఆ గట్టు ఏటేటా విడిపోతూ, చివరికి రెండు ముక్కలూ పక్కపక్కకు జరిగి నిలబడ్డాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు దశాబ్దాలపాటు అక్కడికి వెళ్ళి ఫొటోలు తీసుకున్నారు. 2016లో పురపాలక సిబ్బంది రోడ్డు బాగుచేస్తూ దాన్ని తీసేశారు, వాళ్ళకు దాని విలువ తెలీక. జారడం మాత్రం ఆగలేదు. ఆ చిన్న జారుడుతో ఒత్తిడంతా తీరిపోదు. ఫ్రీమాంట్ బార్ట్ స్టేషన్ దగ్గరున్న మడుగులో కందకాలు తవ్వి పొరలు చదివితే, గత పంతొమ్మిది వందల ఏళ్ళలో పన్నెండు పెద్ద భూకంపాల ఆనవాళ్ళు దొరికాయి. సగటున నూటయాభై, నూటఅరవై ఏళ్ళకు ఒకటి. ఆఖరుది 1868 అక్టోబరు 21న. లెక్క మీరే వేసుకోండి. అది వస్తే ఏడుకు అటూ ఇటూ ఉంటుంది, అర నిమిషమో కొంచెం ఎక్కువో ఊపుతుంది. కానీ ఇంటి కిందే వస్తుంది.

సియాటిల్ వైపు కాస్కేడియా. కెనడాలోని వాంకూవర్ దీవి నుంచి ఉత్తర కాలిఫోర్నియా దాకా వెయ్యి కిలోమీటర్ల పొడవున, హువాన్ డి ఫూకా ఫలకం ఉత్తర అమెరికా కిందికి దూరుతోంది. అక్కడ ఆఖరుసారి పట్టు తప్పింది 1700 జనవరి 26 రాత్రి తొమ్మిది గంటల ప్రాంతంలో. రాత పెట్టుకునేవాళ్ళు లేని చోట గంటతో సహా ఎలా తెలిసిందా అనిపిస్తుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో కోపాలిస్ నది ఒడ్డున నేల కుంగి, ఉప్పునీరు చేరి, నిలువునా చచ్చిపోయిన దేవదారు మాన్ల గుంపు ఇప్పటికీ ఉంది. వాటి వేళ్ళలోని వలయాలు చూసి, 1699 ఎదుగుదల కాలం తర్వాత, 1700 వసంతం లోపల చచ్చిపోయాయని తేల్చారు. సముద్రానికి అవతల జపాన్ గ్రామాల్లో, భూకంపమేదీ తెలియకుండానే ఒక రాత్రి సునామీ వచ్చిందని దస్తావేజుల్లో తేదీతో రాసిపెట్టి ఉంది. అల పసిఫిక్ దాటడానికి పట్టే కాలాన్ని వెనక్కి లెక్కవేసి, కెంజీ సతాకే బృందం 1996లో ఆ రాత్రిని పట్టుకుంది. తీవ్రత తొమ్మిది దాకా ఉంటుందని అంచనా. మళ్ళీ వస్తే సియాటిల్‌లో మూడు నాలుగు నిమిషాలు ఊగుతుంది. బయటి సముద్రతీరానికి అల పావుగంట, ఇరవై నిమిషాల్లో వస్తుంది.

కాబట్టి ఫ్రీమాంట్ వాళ్ళు చూసుకోవలసింది ఇల్లు: పునాదికి గోడలు బోల్టులతో బిగించి ఉన్నాయా, గీజరును గోడకు పట్టీలతో కట్టారా, పక్క మీద బరువైన అల్మరా ఏదైనా వంగి ఉందా. సియాటిల్ వాళ్ళు అవి చూసుకుంటూనే, సెలవులకు పసిఫిక్ ఒడ్డుకు వెళ్ళినప్పుడు మెరక ఎటుందో ముందే చూసి పెట్టుకోవాలి. నేల గట్టిగా గానీ చాలాసేపు గానీ ఊగిందంటే ఫోన్‌లో హెచ్చరిక కోసం ఎదురుచూడకుండా, ఊపు ఆగిన వెంటనే ఎత్తుకు నడవాలి.

క్యారీకి దగ్గర్లో కిందికి దూరే ఫలకం లేదు, చురుగ్గా జారే భ్రంశమూ లేదు. మన పక్కనే పోయే జోన్స్‌బరో భ్రంశం డైనోసార్ల తొలి కాలం నాటిది, ఇప్పుడు కదలడం లేదు. అయినా తూర్పు అమెరికా రాయి పాతది, గట్టిది, కదలికను చాలా దూరం మోస్తుంది. 2011 ఆగస్టు 23 మధ్యాహ్నం వర్జీనియాలోని మినరల్ దగ్గర 5.8 వస్తే, రెండువందల యాభై కిలోమీటర్ల ఇవతల మన ఆఫీసులు ఊగాయి. 2020 ఆగస్టు 9న మన రాష్ట్రంలోనే స్పార్టాలో 5.1 వచ్చి, నేల పైపైనే రెండు కిలోమీటర్ల మేర చీలింది. తెలంగాణలోనూ అంతే, అంచులకు దూరంగా ఉన్న పాత రాయి. 2024 డిసెంబరు 4 ఉదయం ములుగులో 5.3 వస్తే హైదరాబాద్ దాకా తెలిసింది. ఇలాంటివి రాకూడని చోట వచ్చాయని అనుకోవద్దు, అరుదుగా వస్తాయి, అంతే.

ఒక్క మనవి. మన పెద్దవాళ్ళు ఆరేసి నెలలు పిల్లల దగ్గర ఉండటానికి కాలిఫోర్నియాకో వాషింగ్టన్‌కో వస్తారు. భూకంపమంటే బయటికి పరుగెత్తాలని మనకు చిన్నప్పటి నుంచి తెలిసింది. ఇక్కడి కర్ర ఇళ్ళలో ఆ పరుగులోనే దెబ్బలు తగులుతాయి, గాజు మీద పడుతుంది. నేల మీదికి వంగాలి, గట్టి బల్ల కిందికి దూరాలి, ఊపు ఆగేదాకా దాని కాలు పట్టుకుని ఉండాలి. ఫోన్‌లో మైషేక్ అనే యాప్ పెట్టుకుంటే కాలిఫోర్నియా, ఒరెగాన్, వాషింగ్టన్‌లలో ఊపు చేరేలోగా కొన్ని సెకన్ల ముందు హెచ్చరిక వస్తుంది. ఏటా అక్టోబరు మూడో గురువారం ఈ దేశమంతటా, మన నార్త్ కరోలైనాలో కూడా, భూకంప రిహార్సల్ జరుగుతుంది. ఆ రోజు మీవాళ్ళకు వీడియో కాల్ చేసి, అమ్మానాన్నల చేత ఒక్కసారి బల్ల కిందికి వంగించండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు మంచం మీదే ఉండి తల మీద దిండు పెట్టుకుంటే చాలని చెప్పండి.